హ్యూస్టన్‌లో హరికేన్: సీజన్‌కి ముందు నుంచి కరెంటు తిరిగొచ్చేదాకా ఏం చేయాలి

"గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఏదో తయారవుతోందట, మేం ఏం చేయాలి?" అని ప్రతి వేసవిలోనూ ఫోన్లు వస్తూనే ఉంటాయి. అడిగేవాళ్లలో ఎక్కువమంది హ్యూస్టన్‌కి కొత్తగా వచ్చినవాళ్లు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నవాళ్లు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అంతా వరసగా ఇక్కడ రాస్తున్నాను.

2008లో ఐక్, 2017లో హార్వీ, 2024లో బెరిల్. ఈ మూడు హరికేన్లనీ మేం ఈ ఊళ్లోనే చూశాం. ఐక్ గాలితో భయపెట్టింది. హార్వీ నీళ్లతో ముంచింది. బెరిల్ మండుటెండల్లో కరెంటు తీసేసింది. ఒకదానికి సిద్ధపడి ఉంటే ఇంకొకటి వచ్చి కొట్టింది. అందుకే కింద గాలికీ, నీళ్లకీ, కరెంటు పోవడానికీ వేర్వేరుగా చెబుతున్నాను.

1. జూన్ రాకముందే అయిపోవాల్సిన పనులు

హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. తాకిడి ఎక్కువగా ఉండేది ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు దాకా. కానీ బెరిల్ జూలై 8నే వచ్చింది. కాబట్టి మే నెలాఖరుకల్లా ఇవి పూర్తి కావాలి.

అన్నిటికంటే ముందు ఫ్లడ్ ఇన్సూరెన్స్. మామూలు ఇంటి ఇన్సూరెన్స్‌లో వరద నష్టానికి పైసా రాదు. ఈ ఒక్క సంగతి తెలియక హార్వీలో దెబ్బతిన్న కుటుంబాలు మాకు తెలిసినవే ఉన్నాయి. విపత్తుల్లో సాయం చేసే కేంద్ర సంస్థ ఫెమా నడిపే ఎన్‌ఎఫ్‌ఐపీ అనే వరద బీమా పథకంలో ఇంటికి 2,50,000 డాలర్ల దాకా, సామానుకి 1,00,000 డాలర్ల దాకా తీసుకోవచ్చు. అయితే మామూలుగా 30 రోజులు గడిస్తేగానీ అది అమల్లోకి రాదు. తుఫాను టీవీలో కనిపించాక ఏజెంటుకి ఫోన్ చేసి లాభం లేదు.

"మాది ఫ్లడ్ జోన్ కాదు కదా" అని వదిలేయకండి. హార్వీలో మునిగిన ఇళ్లలో చాలా భాగం మ్యాపులో ఫ్లడ్ జోన్ బయట ఉన్నవే. పడమటి వైపు ఇల్లు కొంటున్నవాళ్లు యాడిక్స్, బార్కర్ రిజర్వాయర్లు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో మ్యాపులో చూసుకోండి. హార్వీ వచ్చేదాకా తమ ఇల్లు రిజర్వాయరు పరిధిలో ఉందని చాలామందికి తెలియదు.

అద్దెకి ఉండేవాళ్లు కూడా సామానుకి ఫ్లడ్ పాలసీ తీసుకోవచ్చు. ఇంకో విషయం. 2022 నుంచి టెక్సాస్ చట్టం ప్రకారం, ఇల్లు ఫ్లడ్‌ప్లెయిన్‌లో (వరద ముప్పున్న ప్రాంతంలో) ఉందా, గత ఐదేళ్లలో మునిగిందా అన్నది ఓనరు లీజుకి ముందే రాతపూర్వకంగా చెప్పాలి. ఆ కాగితం అడిగి తీసుకోండి.

జనరేటర్, బ్యాటరీలు, టార్చిలైట్లు ఏప్రిల్ చివర్లో కొనండి. అప్పుడు శని, ఆది, సోమ మూడు రోజులు ఇలాంటి సామాను మీద రాష్ట్రం సేల్స్ ట్యాక్స్ తీసేస్తుంది. 3,000 డాలర్లలోపు జనరేటర్లకి కూడా ఇది వర్తిస్తుంది.

మే నెల చెక్‌లిస్టు:

- ఫ్లడ్ పాలసీ ఉందా, రెన్యూ అయిందా
- ఉప్పెన వస్తే ఖాళీ చేయాల్సిన ఏ ఇవాక్యుయేషన్ జోన్‌లో మీ జిప్‌కోడ్ ఉంది (కోస్టల్, ఎ, బి, సి, లేదా ఏదీ కాదు)
- ఇంట్లో ప్రతి గదినీ, అల్మారాలు తెరిచి, ఫోన్‌తో వీడియో తీసి క్లౌడ్‌లో పెట్టారా
- ఇంటి మీదికి వాలిన కొమ్మలు కొట్టించారా
- ఇంట్లో ఆక్సిజన్ మెషీన్ లాంటిది వాడేవాళ్లుంటే 211 సహాయ లైనుకి ఫోన్ చేసి, అత్యవసరంలో సాయం కావాల్సినవాళ్ల జాబితా అయిన స్టియర్ రిజిస్ట్రీలో పేరు రాయించారా. ఏటా మళ్లీ రాయించాలి. పేరుంది కదా అని దాని మీదే ఆధారపడకండి, మీ ఏర్పాటు మీరు చేసుకోండి

2. తుఫాను కబురు ఎలా చదవాలి

ఒక్క చోటే చూడండి: నేషనల్ హరికేన్ సెంటర్. మన టైము ప్రకారం పొద్దున 4, 10, సాయంత్రం 4, రాత్రి 10 గంటలకి బులెటిన్ వస్తుంది. తుఫాను దగ్గరపడ్డాక మధ్యలోనూ వస్తుంది. వాట్సాప్‌లో తిరిగే మ్యాపు ఏ రోజుదో కూడా తెలియదు. దాన్ని నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

టీవీలో చూపించే గరాటు ఆకారం తుఫాను సైజు కాదు. తుఫాను కేంద్రం ఎటు పోవచ్చో చెప్పే అంచనా. మూడు సార్లలో దాదాపు రెండు సార్లే కేంద్రం దాని లోపల ఉంటుంది. గాలివాన మాత్రం గరాటుకి బయట ఎంతో దూరం దాకా కొడుతుంది. గీత పక్కకి జరిగిందని ఊపిరి పీల్చుకోకండి.

హరికేన్ వాచ్ అంటే బలమైన గాలులు మొదలవడానికి సుమారు 48 గంటల ముందు ఇచ్చే హెచ్చరిక. వార్నింగ్ అంటే 36 గంటల ముందు ఇచ్చేది. కొనుగోళ్లు వాచ్‌లోపే అయిపోవాలి. వార్నింగ్ వచ్చాక ఇంటి పనులు మాత్రమే మిగలాలి.

హరికేన్‌కి ఇచ్చే కేటగిరీ నంబరు (1 నుంచి 5) గాలి వేగం ఒక్కటే చెబుతుంది. వాన గురించి, ఉప్పెన గురించి ఏమీ చెప్పదు. హ్యూస్టన్‌ని ముంచేనాటికి హార్వీ అసలు హరికేనే కాదు, ట్రాపికల్ స్టార్మ్‌గా బలహీనపడిపోయింది. కేటగిరీ చూసి "ఒకటేగా" అనుకునేవాళ్లకి నేను ఈ సంగతే చెబుతాను.

3. ఉండాలా, వెళ్లిపోవాలా

అందరూ తడబడేది ఇక్కడే. ఇక్కడి ఎమర్జెన్సీ సిబ్బంది చెప్పే మాట ఒకటుంది: గాలి నుంచి దాక్కోండి, నీటి నుంచి పారిపోండి. నిర్ణయం నీటిని బట్టి తీసుకోవాలి.

మీ జిప్‌కోడ్ ఉప్పెన జోన్‌లో ఉండి, ఖాళీ చేయమని ఆదేశం వస్తే మారుమాట లేకుండా వెళ్లండి. రెండో అంతస్తు ఉందనో, పక్కింటివాళ్లు కదలడం లేదనో ఆగొద్దు. ఉప్పెన ముందు ఇల్లు ఎంత గట్టిదైనా లెక్కలోకి రాదు.

మీది ఏ జోనూ కాకపోతే, ఇల్లు గట్టిదైతే, ఎప్పుడూ మునగని చోటైతే ఇంట్లోనే ఉండటం మంచిది. 2005లో రీటా హరికేన్ అప్పుడు ఊరంతా ఒక్కసారిగా రోడ్డెక్కింది. ఎండలో, ట్రాఫిక్‌లో గంటలకొద్దీ ఇరుక్కుని, దారిలోనే వందమందికి పైగా చనిపోయారు. వెళ్లనక్కర్లేనివాళ్లు కూడా వెళ్తే, వెళ్లి తీరాల్సినవాళ్లకి దారి దొరకదు.

జోన్‌లో లేకపోయినా వెళ్లాల్సినవాళ్లు కొందరున్నారు:

- మొబైల్ హోమ్‌లో ఉండేవాళ్లు
- గతంలో మునిగిన ఇంట్లో, బాయూ (ఊళ్లో పారే వాగు) పక్కన ఒకే అంతస్తు ఇంట్లో ఉండేవాళ్లు
- కరెంటుతో నడిచే వైద్య పరికరం మీద ఆధారపడ్డవాళ్లు
- నెలల పిల్లలు, ఎండ తట్టుకోలేని పెద్దవాళ్లు ఉన్నవాళ్లు. వీళ్లకి గాలి కంటే ఆ తర్వాత ఏసీ లేని వారం ప్రమాదం

వెళ్లేదైతే 48 గంటల ముందే, తెల్లవారుజామున బయల్దేరండి. శాన్ ఆంటోనియో, ఆస్టిన్, డాలస్ వైపు ఎవరింటికి వెళ్తారో మే నెలలోనే మాట్లాడుకోండి. "వస్తే మీ ఇంటికే వస్తాం" అని ముందే అనుకుంటే ఆ రోజు మొహమాటం ఉండదు. కారులో నీళ్లు, తినడానికి ఏదైనా, పిల్లల డైపర్లు వెనక డిక్కీలో కాకుండా చేతికందేలా పెట్టుకోండి.

4. నాలుగైదు రోజుల ముందు

వరసలో మొదటిది నీళ్లు. మనిషికి రోజుకి ఒక గ్యాలన్ లెక్క. కనీసం మూడు రోజులకి, వీలైతే వారానికి. నలుగురున్న ఇంటికి వారానికి 28 గ్యాలన్లు. నీళ్ల సీసాల కేసులు దొరకలేదని టెన్షన్ పడొద్దు. పెద్ద గిన్నెలు, బిందెలు, కడిగిన డబ్బాలు ఏవైనా సరే మూత పెట్టగలిగినవి కుళాయి కింద పెట్టి నింపండి. కుళాయి నీళ్లూ తాగే నీళ్లే.

రెండోది మందులు. కనీసం రెండు వారాలకి సరిపడా ఉంచండి. అమ్మానాన్నలు ఇండియా నుంచి తెచ్చుకున్న మందులకి ఇక్కడ ప్రిస్క్రిప్షన్ ఉండదు. మందు పేరు, డోసు ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఇన్సులిన్ వాడేవాళ్లు ఫ్రిజ్ లేకుండా ఎన్ని రోజులు ఉంచొచ్చో ఫార్మసిస్టుని ఇప్పుడే అడగండి.

మూడోది పెట్రోలు, క్యాష్. సీజన్ అంతా సగం ట్యాంకుకి తగ్గకుండా చూసుకుంటే చివరి రోజు లైన్లో నిలబడక్కర్లేదు. క్యాష్ చిన్న నోట్లలో ఉండాలి. కరెంటు లేకపోతే కార్డు మెషీన్లు పనిచేయవు, వంద డాలర్ల నోటుకి చిల్లర ఎవరూ ఇవ్వరు.

తిండి సంగతి మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఒక్క హెచ్చరిక: పదిరోజుల కూరలు వండి ఫ్రీజర్ నింపకండి, కరెంటు పోతే అన్నీ చెత్తబుట్టలోకే. అటుకులు, మరమరాలు, వేరుశనగలు, బ్రెడ్, పీనట్ బటర్, పళ్లు, పాలపొడి లాంటివి పెట్టుకోండి. ముందు రోజు రాత్రి చింతపండు పులిహోర కలిపితే మర్నాటికి తిండి గొడవ ఉండదు. ఇండక్షన్ స్టవ్ ఉన్నవాళ్లకి క్యాంపింగ్ స్టవ్ కావాలి. దాన్ని బయటే వెలిగించాలి.

కాగితాల సంచి (జిప్‌లాక్ కవర్లలో పెట్టి, ఒకే బ్యాగులో, పై అంతస్తులో):

- పాస్‌పోర్టులు, ఐ-797, ఐ-94 ప్రింటు, గ్రీన్‌కార్డు, సోషల్ సెక్యూరిటీ కార్డులు
- పిల్లల బర్త్ సర్టిఫికెట్లు
- ఇన్సూరెన్స్ పాలసీ నంబర్లు, లీజు లేదా ఇంటి కాగితాలు
- ముఖ్యమైన ఫోన్ నంబర్లు కాగితం మీద రాసినవి

5. చివరి 24 గంటలు

*కిటికీలు.* టేపు అంటించొద్దు. ఐక్ అప్పుడు మేం అన్ని కిటికీలకీ ఇంటూ ఆకారంలో టేపు అంటించాం. కొమ్మ తగిలి ఒకటి పగిలింది. టేపుకి అతుక్కుని చెయ్యంత పొడవు గాజు ముక్క వేలాడుతూ, గాలికి లోపలికి బయటికి ఊగింది. చిన్న ముక్కలుగా రాలితే చీపురుతో పోయేది. దాన్ని మాత్రం తెల్లారేదాకా ఎవరం ముట్టుకోలేకపోయాం. వేస్తే 5/8 అంగుళాల ప్లైవుడ్ వేయండి, ముక్కలు ముందే కొలిచి కోయించి నంబర్లు రాసి పెట్టుకోండి. లేకపోతే కిటికీలున్న గదుల్ని వదిలేసి లోపలి గదిలో ఉండండి.

*పెరడు.* కుండీలు, కుర్చీలు, చెత్తడబ్బా, పిల్లల స్లైడు, అన్నీ లోపలికి. గాలికి లేచేది ఏదైనా పక్కింటి అద్దాన్ని పగలగొడుతుంది.

*గ్యారేజీ.* కరెంటు పోతే తలుపు తెరుచుకోదు. పైన మోటారు దగ్గర వేలాడే ఎర్ర తాడు లాగితే చేత్తో ఎత్తొచ్చు. ఇది ఇంట్లో అందరికీ ఒకసారి చేయించి చూపించండి. తుఫాను రాత్రి మాత్రం తాడు లాగి వదిలేయకండి, తలుపు గట్టిగా మూసి ఉండాలి.

*ఫ్రిజ్.* బాగా చల్లగా ఉండేలా పెట్టండి. ఫ్రీజర్లో ఖాళీ ఉంటే నీళ్ల సీసాలు పెట్టి గడ్డకట్టించండి. గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి పైన నాణెం పెట్టండి. ఇల్లు విడిచి వెళ్లి తిరిగొచ్చినప్పుడు నాణెం అడుగున ఉంటే, మధ్యలో అంతా కరిగిందన్నమాట. లోపలున్నవి పారేయండి.

*బాత్‌టబ్.* అంచుదాకా నింపండి, టాయిలెట్‌కి పనికొస్తాయి. చిన్నపిల్లలుంటే ఆ గది తలుపు తాళం వేసే ఉంచండి.

*ఫోన్.* అన్నీ చార్జ్ చేసి, ఇండియాలో ఉన్నవాళ్లకి ముందే చెప్పండి: "రెండు రోజులు ఫోన్ కలవకపోవచ్చు, కంగారు పడొద్దు. ఒక్కరికే మెసేజ్ పెడతాం, మిగతావాళ్లకి వాళ్లు చెబుతారు." కాల్ కలవని చోట కూడా మెసేజ్ ఎలాగో పోతుంది. పది మందికి పది కాల్స్ చేసి బ్యాటరీ ఖర్చు చేయకండి.

6. ఆ రాత్రి

కిటికీ లేని లోపలి గది, క్లోజెట్, మెట్ల కింద చోటు, వీటిలో ఒకటి ముందే ఎంచుకోండి. అందరూ బూట్లు వేసుకునే ఉండాలి. చెప్పులు కాదు, బూట్లు. గాజు ముక్కల మీద నడవాల్సి రావచ్చు.

దూరంగా ఆకాశం నీలం, ఆకుపచ్చ రంగుల్లో మెరిస్తే అది పిడుగు కాదు, కరెంటు లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు పేలడం. పిల్లలకి ముందే చెబితే అంతగా భయపడరు. టోర్నడో వార్నింగ్ అని ఫోన్ మోగితే వెంటనే ఆ లోపలి గదిలోకి వెళ్లి తల మీద దిండ్లు పెట్టుకోండి.

గాలి హఠాత్తుగా ఆగిపోతే తుఫాను కన్ను మీ మీదుగా పోతోందేమో. బయటికి వెళ్లొద్దు. కాసేపట్లో గాలి ఇంకో దిక్కు నుంచి అంతే జోరుగా మొదలవుతుంది.

నీళ్లు పెరుగుతున్నాయా అన్నది చీకట్లో తెలియదు. హార్వీ రాత్రి మేం డ్రైవ్‌వే అంచున ఇటుకలు మెట్లలా పేర్చి, పావుగంటకోసారి తలుపు సందులోంచి టార్చి వేసి చూసుకున్నాం. మొదటి ఇటుక పన్నెండున్నరకి మునిగింది, రెండోది రెండింటికి. మూడోది సగం మునిగి అక్కడే ఆగింది. ఈ లోపు కింద ఉన్న బియ్యం, ల్యాప్‌టాప్‌లు, అత్తయ్య మందులు, పిల్లల పుస్తకాలు అన్నీ పైకి చేరిపోయాయి. నీళ్లు ఎంత వేగంగా వస్తున్నాయో తెలిస్తే చేతులు వాటంతటవే పనిచేస్తాయి. నెట్ ఉంటే హారిస్ కౌంటీ ఫ్లడ్ వార్నింగ్ సైట్‌లో మీ దగ్గరి బాయూ మట్టం కూడా చూడొచ్చు.

నీళ్లు ఇంట్లోకి వస్తే:

- తడవకముందే, పొడి నేల మీద నిలబడి మెయిన్ బ్రేకర్ ఆపండి. నీళ్లలో నిలబడి దాన్ని ముట్టుకోవద్దు
- పై అంతస్తుకి వెళ్లండి. బయటికి దారిలేని అటకలోకి ఎక్కొద్దు. గత్యంతరం లేక ఎక్కితే గొడ్డలి వెంట ఉండాలి, కప్పు పగలగొట్టి బయటపడటానికి
- 911 కలవకపోతే మళ్లీ మళ్లీ చేయండి

కారు తీసి రోడ్డెక్కొద్దు. పారే నీళ్లు ఆరు అంగుళాలుంటే మనిషి కాళ్లు తప్పుతాయి, అడుగుంటే చిన్న కారు, రెండడుగులుంటే దాదాపు ఏ బండైనా కొట్టుకుపోతుంది. అండర్‌పాస్‌లో ఎంత లోతుందో పైనుంచి తెలియదు.

7. కరెంటు లేని రోజులు

తుఫాను ఒక్క రాత్రిలో పోతుంది. అసలు కష్టం ఆ తర్వాతిది. బెరిల్ తర్వాత 20 లక్షలకు పైగా ఇళ్లకీ వ్యాపారాలకీ కరెంటు పోయింది. మా వీధికి ఆరో రోజు వచ్చింది. అది జూలై.

ముందు జనరేటర్ సంగతి, ఎందుకంటే ప్రాణాలు పోయేది ఇక్కడ. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం ఇంటికి ఎదురుగా లేకుండా పెట్టాలి. గ్యారేజీలో పెట్టి తలుపు తెరిచి ఉంచితే చాలనుకోవడం పెద్ద తప్పు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు. తలనొప్పి, వికారం, మగత అనిపిస్తే వెంటనే అందరూ బయటికి వచ్చేయాలి. బ్యాటరీతో నడిచే డిటెక్టర్ పడుకునే గది దగ్గర ఉండాలి. జనరేటర్ వైరు గోడ సాకెట్‌లో గుచ్చొద్దు, ఆ కరెంటు వీధి లైన్లోకి ఎక్కి రిపేరు చేసేవాళ్ల ప్రాణం తీయగలదు. బార్బెక్యూ గ్రిల్ కూడా లోపల వెలిగించకూడదు.

ఫ్రిజ్ తలుపు తీయకపోతే నాలుగు గంటలు చల్లగా ఉంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం ఉంటే 24 గంటలు. ఆ తర్వాత పాలు, పెరుగు, మాంసం, వండిన కూరలు వాసన రాకపోయినా పారేయండి. ఆసుపత్రులు కిక్కిరిసి ఉండే వారం అది, కడుపు పాడుచేసుకునే సమయం కాదు.

ఎండ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. పగలు లైబ్రరీలు, కూలింగ్ సెంటర్లకి వెళ్లండి. పెద్దవాళ్లు "మాకు అలవాటే, ఊళ్లో ఏసీ ఎక్కడుంది" అంటారు. ఊళ్లో ఇల్లు గాలి ఆడేలా కట్టింది. ఇక్కడి ఇల్లు మూసిన డబ్బా. మాట తడబడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా, తికమకగా మాట్లాడుతున్నా ఆగకుండా 911కి ఫోన్ చేయండి.

నీళ్లు మరిగించి తాగమని నోటీసు వస్తే, తెర్లడం మొదలయ్యాక రెండు నిమిషాలు మరగాలి. పళ్లు తోముకోవడానికీ అవే వాడండి.

తెగిపడిన తీగ ఏదైనా కరెంటు ఉన్నట్టే లెక్క. దూరంగా తిరిగి వెళ్లండి.

8. ఇల్లు మునిగితే

ఆ నీళ్లలో మురుగు కలిసి ఉంటుంది, పాములుంటాయి, ఎర్రచీమలు ముద్దలు కట్టి తేలుతూ వస్తాయి. పొడుగు బూట్లు, గ్లౌజులు, ఎన్95 మాస్కు లేకుండా దిగొద్దు.

వరస తప్పకుండా చేయండి:

1. ఏదీ కదపకముందే ఫోటోలు, వీడియోలు. గోడ మీద నీటి గీత పక్కన కొలిచే టేపు పెట్టి ఎత్తు కనిపించేలా తీయండి.
2. ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. ఎన్‌ఎఫ్‌ఐపీ పాలసీ అయితే నష్టం వివరాల పత్రం మామూలుగా 60 రోజుల్లో ఇవ్వాలి.
3. అడ్జస్టర్ (నష్టం లెక్కగట్టే ఇన్సూరెన్స్ మనిషి) వచ్చేదాకా తడి కార్పెట్‌ని ఇంట్లో ఉంచనక్కర్లేదు. 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలవుతుంది. కార్పెట్, ప్యాడ్, పరుపు నుంచి చిన్న ముక్క కోసి దాచి, మిగతాది బయట వేయండి. ఫ్రిజ్, వాషర్ సీరియల్ నంబర్లు ఫోటో తీయండి.
4. గోడని నీటి గీతకి పైదాకా కోసి, లోపలి ఇన్సులేషన్ తీసేసి ఆరబెట్టండి. పైకి ఆరినట్టు కనబడి లోపల చెమ్మ ఉంటుంది.
5. ఇంటికే వచ్చి "ఇప్పుడే అడ్వాన్సు ఇవ్వండి" అనే కాంట్రాక్టరుకి సంతకం పెట్టొద్దు.

చివరిగా ఫెమా సాయం. మనవాళ్లలో దీని గురించి గందరగోళం ఎక్కువ. డబ్బు సాయానికి సిటిజన్లు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు అర్హులు. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకి తమ పేరు మీద రాదు. కానీ ఇంట్లో అమెరికాలో పుట్టిన పిల్లలుంటే ఆ బిడ్డ తరఫున తల్లిదండ్రులు దరఖాస్తు చేయొచ్చు, బిడ్డ సోషల్ సెక్యూరిటీ నంబరు కావాలి. షెల్టరు, తిండి, నీళ్లు లాంటివి మాత్రం ఏ వీసా మీద ఉన్నవాళ్లకైనా అందుతాయి.

మొదటి ఉత్తరంలో "నాట్ అప్రూవ్డ్" అని ఉంటే పక్కన పడేయొద్దు. తరచూ ఏదో ఒక కాగితం తక్కువైందనే అర్థం: ఇన్సూరెన్స్ ఎంత ఇచ్చిందన్న లెటరో, ఆ ఇంట్లో ఉంటున్నట్టు రుజువో. అదేంటో చదివి, జతచేసి, 60 రోజుల్లోపు అప్పీలు చేయండి. మా ఎదురింటివాళ్లకి రెండోసారి లీజు కాపీ పంపాకే డబ్బు వచ్చింది.